మూడు బస్తాల ఇత్తడి: కేసులు కడిగిన డైరీ

మొదటి రోజు

తుపాకీ గురి సాధన చేసే రేంజి నుంచి మూడు బస్తాలు వచ్చాయి. అన్నీ పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు. తుపాకీ కాల్చేవాళ్ళంతా వీటిని కేసులనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. మట్టి, తడి, ఎండుటాకులు అన్నీ కలుపుకుని తూకం వేస్తే 64 కిలోలు. ఇంతవరకు నేను ఒక్కసారిగా కడిగింది మహా అయితే రెండు కిలోలు.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ముందుకు దూసుకెళ్ళే బుల్లెట్, మండే మందు, ఆ మందుని అంటించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే కేసు. పేలాక మళ్ళీ పనికొచ్చేది కేసు ఒక్కటే. దాంట్లో రాగి 70 పాళ్ళు, జింకు 30 పాళ్ళు. మందు మండినప్పుడు ఆ ఒత్తిడికి గొట్టం సాగి, తుపాకీలో తూటా కూర్చునే గది గోడలకు అతుక్కుపోతుంది, గ్యాసు వెనక్కి తన్నకుండా ఆపుతుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది. ఇలా సాగి ముడుచుకునే గుణం ఉంది కాబట్టే దీన్ని మళ్ళీ మళ్ళీ నింపి వాడతారు. కాకపోతే ప్రతి పేలుడుకీ కొంచెం కొంచెం అలసిపోతుంది. ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది.

నింపే పని నాది కాదు. రేంజిలో లైసెన్సు ఉన్న మాస్టారు ఒకాయన ఉన్నారు, అది ఆయన చూసుకుంటారు. కడిగి, ఆరబెట్టి, ఏరి ఇవ్వడం వరకే నా పని. బస్తాలు బండిలోకి ఎక్కిస్తుంటే ఆయన ఒక్క మాటే అన్నారు: "మెరిపించక్కర్లేదు బాబూ, పగులుంటే నా కంటికి కనపడాలి. అంతే." అప్పుడు సరేనండి అన్నాను గానీ ఆ మాట నాకు పూర్తిగా ఎక్కలేదు. నా మనసంతా పుత్తడిలా మెరిసే గుట్ట మీదే ఉంది.

సాయంత్రం పట్టా పరిచి మొదటి బస్తా పోశాను. చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు. ముందు వెతకాల్సింది పేలని తూటాల కోసం. ఒక్కటి పొరపాటున కడిగే డ్రమ్ములో పడినా ఒప్పుకునేది లేదు. మూడు బస్తాలూ గుప్పెడు గుప్పెడుగా చూశాను. పూర్తి తూటాలు రెండు దొరికాయి. ఇంకొక దాంట్లో బుల్లెట్ లేదు గానీ ప్రైమర్ మీద తుపాకీ సూది దెబ్బ గుర్తు లేదు, అంటే అది పేలలేదన్నమాట. మూడూ విడిగా డబ్బాలో పెట్టి మాస్టారికి అప్పగించాను.

రెండో రోజు

ఈ రోజంతా ఏరడమే. ఇనుప కేసులు కొన్ని ఇత్తడి రంగు పూత వేసుకుని ఉంటాయి, కంటితో తేడా పట్టలేం. అయస్కాంతాన్ని గుట్ట మీద తిప్పితే ఇరవై దాకా టక్కున అంటుకున్నాయి. అల్యూమినియంవి బరువు తక్కువగా, బూడిద రంగులో ఉంటాయి, తేలిగ్గానే దొరికిపోతాయి. తర్వాత జల్లెళ్ళు. .45, 9 ఎం.ఎం., .22 లాంటివి తూటా సైజుల పేర్లు. మూడు సైజుల కన్నాలున్న జల్లెళ్ళు ఒకదాని కింద ఒకటి పెట్టి ఊపితే .45 కేసులు పైన ఆగుతాయి, 9 ఎం.ఎం. మధ్యలో, .22 అడుగున. చెప్పినంత సాఫీగా ఏమీ జరగదు. చిన్న కేసు పెద్ద కేసులో దూరి కూర్చుంటుంది. 9 ఎం.ఎం. కేసు వెళ్ళి .45 కడుపులో ఇరుక్కుంటుంది, .22 వెళ్ళి 9 ఎం.ఎం.లో దాక్కుంటుంది. అలాగే కడిగితే లోపలి రెండు గోడలూ మురికిగానే మిగిలిపోతాయి, తడి కూడా ఆరదు. మూతి లోపల ఇంకో అంచు కనిపించిన ప్రతిదాన్నీ తీసి, విదిలించి, విడదీశాను.

.380 కేసు 9 ఎం.ఎం.కి తమ్ముడిలా ఉంటుంది. లావు దాదాపు ఒకటే, పొడవు మాత్రం 17 మిల్లీమీటర్లు, 9 ఎం.ఎం.ది 19. కేసులను మూతి పైకి వచ్చేలా నిలబెట్టి వరుసలో చూస్తే పొట్టివి వెంటనే పట్టుబడతాయి. అడుగున కొట్టిన సైజు ముద్ర కూడా చదవాలి.

సాయంత్రానికి లెక్క ఇది. 9 ఎం.ఎం. 37 కిలోలు. .223 రైఫిల్ కేసులు 17 కిలోలు. .45వి నాలుగు, .308 రైఫిల్‌వి మూడు. మిగతా మూడు కిలోలు ఇనుము, అల్యూమినియం, .22, రాళ్ళు, తొక్కుడు పడి చపటా అయినవి. కిలోకి 9 ఎం.ఎం. కేసులు 240 చొప్పున వేసుకుంటే దాదాపు 8,900. .223వి 2,700.

నాలుగో రోజు

ఇంతకుముందు నేను కేసులు పొడిగానే శుభ్రం చేసేవాణ్ణి. మొక్కజొన్న కండె పొట్టు, అక్రోటు పెంకు పొడి పోసిన గిన్నె గడగడా ఊగుతూ ఉంటుంది, కేసులు ఆ పొట్టులో దొర్లి నునుపెక్కుతాయి. మెరుపు బాగానే వస్తుంది. అయితే ఆ మసి అంతా పొట్టులోకి చేరుతుంది, పొట్టు కుదిపినప్పుడల్లా దుమ్మై లేస్తుంది. చాలా ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసం సమ్మేళనం వాడతారు. అది పేలాక మిగిలిన మసిలో సీసం ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరిలోకి పోతే ఒంట్లో చేరుతుంది, తొందరగా బయటికి పోదు. పిల్లల విషయంలోనైతే ఇంత వరకు పరవాలేదు అనే హద్దే లేదు. రెండు కిలోలకైతే మాస్కు వేసుకుని లాగించేశాను. 64 కిలోలు పొడిగా చేయడానికి మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. అందుకే ఈసారి అంతా తడి పద్ధతి.

ఈ పనికి బట్టలు వేరు, చెప్పులు వేరు. పని దగ్గర మంచినీళ్ళు కూడా తాగను. వాడే బకెట్లు, చెంచా, జల్లెడ మళ్ళీ ఇంట్లోకి పోవు. ఇది మొదటి రోజే గోడ మీద రాసి పెట్టుకున్నాను.

ముందుగా అన్నిటినీ ఉట్టి నీళ్ళతో ఒకసారి జాడించాను. ఇసుక రేణువులతో కేసుని ప్రెస్సులోకి, అంటే చేత్తో నొక్కే యంత్రంలోకి, నెడితే దాని డై (అచ్చు) మీద గీతలు పడతాయి. జాడించిన నీళ్ళు కాఫీ రంగులో ఉన్నాయి. వాటిని కూడా పారబోయలేదు, మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ పీపా ఒకటి దీనికే కేటాయించాను.

తొమ్మిదో రోజు

ఐదు రోజులు ప్రైమర్లు తీయడానికే పోయాయి.

పాత ప్రైమర్ ఉంచి కడగొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. నేను తీసి కడగడానికే మొగ్గాను. తీయకపోతే దాని వెనక నీటి చుక్క ఇరుక్కుంటుంది, ఎంత ఆరబెట్టినా పోదు. ప్రైమర్ కూర్చునే గుంటలో మసి అలాగే ఉండిపోతుంది. ప్రెస్సులో కేసు పెట్టి పిడి కిందికి నొక్కితే సూది లోపలి నుంచి దిగి ప్రైమర్‌ని అడుగు నుంచి బయటికి తోస్తుంది. నిమిషానికి పది. గంటకు ఆరు వందలు అనుకున్నా మొత్తం ఇరవై గంటల పని, మధ్యలో భుజం నొప్పికి ఆపిన టైము కాకుండా.

.223లో కొన్ని సైన్యం కోసం చేసినవి. వాటి ప్రైమర్ చుట్టూ అంచుని నొక్కి బిగించి ఉంటారు, పిడి మీద బాగా బరువు వేయాలి. .308లో ఒకటి అస్సలు కదలలేదు. ఇంకా గట్టిగా నొక్కబోయి ఆగి, టార్చి వేసి లోపలికి చూశాను. అడుగు మధ్యలో ఒక్క కన్నం ఉండాల్సిన చోట పక్కపక్కన రెండు చిన్న కన్నాలు కనిపించాయి. అది బెర్డన్ రకం, మధ్యలో కన్నమే ఉండదు, సూది విరిగిపోయేది. అలాంటివి పదకొండు ఏరి తుక్కులో వేశాను. రైఫిల్ కేసులు ప్రెస్సు ఎక్కే ముందు టార్చి చూపించడం అప్పటి నుంచి అలవాటైంది.

తీసిన ప్రైమర్లు మాత్రమే రెండున్నర కిలోలు తూగాయి. అవి కూడా మూత డబ్బాలోకే.

పదో రోజు

చిన్న టంబ్లర్‌తో ట్రయల్. రబ్బరు పూత ఉన్న డ్రమ్ము, మోటారు మీద అడ్డంగా పడుకుని మెల్లగా తిరుగుతుంది. దాంట్లో కిలో కేసులు, రెండు కిలోల పైన స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు, నాలుగు లీటర్ల నీళ్ళు. పిన్ను మిల్లీమీటరు పైచిలుకు లావు, ఆరు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక పెద్ద చెంచా, నిమ్మ ఉప్పు రెండు గ్రాములు.

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, ఇత్తడి మీద పేరుకున్న నల్లటి ఆక్సైడ్‌ని కరిగిస్తుంది. సబ్బు జిడ్డుని విడదీసి మళ్ళీ అంటుకోకుండా నీళ్ళలోనే నిలబెడుతుంది. రుద్దే పని పిన్నులది. మూడింట్లో ఏది తగ్గినా తేడా తెలుస్తుంది. సబ్బు లేకుండా ఒకసారి చేస్తే బూడిద రంగు పొర తిరిగి కేసులకే పట్టుకుంది.

మూడు గంటల తర్వాత మూత తీశాను. నీళ్ళు సిరాలా నల్లగా ఉన్నాయి, పైన బూడిద రంగు నురగ. చెయ్యి పెట్టి ఒక కేసు తీసి జాడించి వెలుగులో చూశాను. బయట సరే, లోపల! అడుగు దాకా పసుపు రంగే. ప్రైమర్ గుంట మూలల్లో కూడా మసి లేదు, కొత్త కేసు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చుండిపోయాను.

సంతోషం అయ్యాక లెక్క వేశాను. ఒక విడతకి 250 కేసులు, మూడు గంటలు. ఉన్న 9 ఎం.ఎం. మొత్తానికి 36 విడతలు. రైఫిల్‌వి కలిపితే యాభై దాటుతుంది. ఈ డ్రమ్ముతో అయ్యే పని కాదు.

పదకొండో రోజు

తప్పు జరిగింది. నిన్న రాత్రి మూడో విడత తిప్పి, మోటారు ఆపి, పొద్దున్నే తీద్దాంలే అని వదిలేశాను. పైగా మరకలు మొండిగా ఉన్నాయని నిమ్మ ఉప్పు రెండు గ్రాముల బదులు నాలుగు చెంచాలు వేశాను. తెల్లారి తీస్తే 240 కేసులూ గులాబీ రంగులో ఉన్నాయి. ఇత్తడి పసుపు పోయి రాగి ఎరుపు వచ్చింది.

ఆమ్లం ఎక్కువై, ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు ముందు కరిగిపోతుంది. పైన రాగి మిగిలిపోతుంది. ఒక కేసుని రంపంతో నిలువునా కోసి భూతద్దం కింద చూశాను. కోసిన చోట లోహం పసుపుగానే ఉంది. ఎరుపు పైపొర మాత్రమే, సన్న కాగితంతో రెండు సార్లు రుద్దితే పోయింది. కడిగేవాళ్ళలో చాలామంది ఇది రంగు సమస్యే తప్ప బలం సమస్య కాదంటారు, కోసిన కేసు చూస్తే నాకూ అలాగే అనిపించింది. అయినా రాత్రంతా ఆమ్లంలో నానినదాన్ని ఒకరి ముఖానికి జానెడు దూరంలో పేలే పనికి ఇవ్వను. 240 కేసులూ తుక్కు బస్తాలోకి పోయాయి.

ఇప్పటి నుంచి నిమ్మ ఉప్పు తూచే వేస్తాను. డ్రమ్ము ఆగగానే నీళ్ళు ఒంపేస్తాను.

పన్నెండో రోజు

ఇంకో తప్పు జరగబోయి ఆగింది. జిడ్డు బాగా వదులుతుందని అద్దాలు తుడిచే లిక్విడ్ ఒక సీసా తెచ్చి పెట్టుకున్నాను. మాస్టారు చూడ్డానికి వచ్చినప్పుడు సీసా తిప్పి వెనక అక్షరాలు చదివి పక్కన పెట్టేశారు.

"దీంట్లో అమ్మోనియా ఉంది బాబూ. ఇత్తడి దగ్గరికి రానివ్వకు."

"కొంచెమేనండి, వెంటనే కడిగేస్తాను కదా."

"కొంచెమైనా వద్దు. గుర్రాల సంగతి తెలుసా నీకు?"

తెలియదన్నాను. అప్పుడు చెప్పారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో భారతదేశంలో సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే కేసులు పగిలి ఉండేవి. ఎవరూ వాటిని పేల్చలేదు, కొట్టలేదు. ఆ కాలానికే వస్తోంది కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో గానీ తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా గాలిలో కలిసి ఇత్తడిని పట్టుకునేది. కేసు తయారీలో లోహాన్ని లాగి సాగదీస్తారు, ఆ బిగువు లోపల మిగిలిపోయి ఉంటుంది. అమ్మోనియా ఆ బిగువున్న చోట్లే లోహపు రేణువుల మధ్య నుంచి దారి చేసుకుంటూ పోతుంది.

అందుకే ఇత్తడి సామాను తోమే పాలిష్‌లలో అమ్మోనియా ఉన్నవి ఇక్కడికి పనికిరావు. దేవుడి గంటకి పనికొచ్చేది తూటా కేసుకి పనికిరాదు, గంట లోపల ఎవరూ మందు పేల్చరు కదా. సీసా వెనక్కి ఇచ్చేశాను.

పదిహేనో రోజు

కాంక్రీటు కలిపే చిన్న మిక్సర్ అద్దెకి దొరికింది. ఇనుప డ్రమ్ము ఉన్నది వద్దనుకున్నాను. రాగి కరిగి ఉన్న ఆమ్లపు నీళ్ళలో ఇనుము తగిలితే రాగి వచ్చి పేరుకుంటుంది, మళ్ళీ ఆ గులాబీ రంగు గొడవే. ప్లాస్టిక్ డ్రమ్ము ఉన్నది వెతికి తెచ్చాను. మూతి తెరిచే ఉంటుంది కాబట్టి చింది పడకుండా మందపాటి రబ్బరు షీటు కట్టాను. ఆరుబయట, కింద పట్టా పరిచి పెట్టాను.

మొదటి విడతలో 9 ఎం.ఎం. కేసులు ఆరు కిలోలు, పిన్నులు లేవు, నీళ్ళు పన్నెండు లీటర్లు, సబ్బు, నిమ్మ ఉప్పు ఆరు గ్రాములు. పిన్నులు ఎందుకు వేయలేదంటే ఇంత మొత్తంలో కేసులే ఒకదాన్నొకటి రుద్దుకుంటాయని విన్నాను, చూడాలనిపించింది. రెండు గంటలు తిప్పాను. చప్పుడు మాత్రం రేకుల మీద రాళ్ళ వాన పడ్డట్టుంది, చెవులకి మఫ్‌లు పెట్టుకోవాల్సి వచ్చింది.

రంగు బాగుంది. లోపల సన్నటి బూడిద పొర మిగిలింది, గుంటల్లో కొంచెం మసి ఉంది. పిస్టల్ కేసుకి అది అడ్డం కాదు. అసలు లోపల మరీ గీరినట్టు శుభ్రమైతే బుల్లెట్ దిగేటప్పుడు ఎక్కువ పట్టేస్తుందని, కొద్దిగా మసి ఉంటేనే నయమని మాస్టారు అంటారు.

తేడా చేతికి తగిలింది. ఒక కేసు మూతి మీద గోరు తిప్పితే లోపలి వైపు చిన్న గట్టులా అడ్డుపడింది. భూతద్దంలో చూస్తే అంచు చదునుగా లేదు, చుట్టూ సన్న సుత్తితో కొట్టినట్టు లోపలికి మడత పడి ఉంది. గుప్పెడు తీసి చూశాను, అన్నీ అంతే. పెద్ద డ్రమ్ములో కేసులు పైదాకా ఎక్కి దబ్బున పడుతున్నాయి, మూతులు ఒకదాని మీద ఒకటి తగులుకుంటున్నాయి. డ్రమ్ములో సరుకు తక్కువైతే పడే ఎత్తు ఎక్కువవుతుంది. కేసులు తక్కువ, టైము ఎక్కువ. రెండూ తప్పే.

పదహారో రోజు

ఈసారి కేసులు పన్నెండు కిలోలు, నీళ్ళు పద్దెనిమిది లీటర్లు, నలభై ఐదు నిమిషాలు. డ్రమ్ము సగం పైన నిండింది, చప్పుడే మారిపోయింది. రాళ్ళ వాన పోయి సముద్రపు ఒడ్డున గులకరాళ్ళు వెనక్కి జారుతున్నట్టు ఒక గరగర. ఆ చప్పుడు విన్నప్పుడే ధైర్యం వచ్చింది. మూతులు గోటితో చూశాను, నున్నగా ఉన్నాయి. నిన్నటి ఆరు కిలోల మూతులకు అంచు చెక్కే పరికరంతో లోపలా బయటా ఒక్కో తిప్పు తిప్పాలి. 1,500 కేసులు. అది ఇంకో రోజు పని.

మిగిలిన 9 ఎం.ఎం. కూడా ఈ కొలతతోనే మధ్యాహ్నానికి అయిపోయాయి. .45వి కూడా.

పదిహేడో రోజు

రైఫిల్ కేసులు. వీటికి లోపలి శుభ్రం ముఖ్యం, అందుకే పిన్నులు వేశాను. కేసులు ఎనిమిది కిలోలు, పిన్నులు పది కిలోలు, గంటసేపు. శుభ్రం బాగానే వచ్చింది. కష్టమంతా తర్వాతే. .223 మెడ సన్నం, లోపలికి పోయిన పిన్ను తేలిగ్గా రాదు. నీళ్ళు నిండిన తొట్టిలో జాలీ పంజరం ముంచి తిప్పాను. నీళ్ళలో పిన్ను బరువు తెలియక జారిపోతుంది, గాలిలోనైతే తడి అంటుకుని లోపలే ఉంటుంది. అయినా నమ్మకం లేదు. ప్రతి కేసూ టార్చి మీద బోర్లించి అడుగు కన్నం చూశాను. కన్నంలో వెలుగు గుండ్రంగా కనిపించకపోతే పిన్ను అడ్డంగా ఉన్నట్టే. 2,700లో 31 దొరికాయి, సన్న సూదితో తోశాను. ఒక్కటి వదిలినా దాని మీద మందు పోస్తారు. ఈ చూపు దగ్గర తొందర పనికిరాదు.

స్టెయిన్‌లెస్ స్టీలుకి అయస్కాంతం అంటుకోదంటారు గానీ ఈ పిన్నులు అంటుకుంటాయి. తీగ లాగి చేసినప్పుడు లోహం స్వభావం కొంత మారి ఆ గుణం వస్తుంది. పట్టా మీద చెల్లాచెదరైనవన్నీ అయస్కాంతంతోనే ఏరాను.

.308వి అదే పద్ధతి, ఒక్క విడత.

పద్దెనిమిదో రోజు

ఆరబెట్టడం. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి, ఐదోసారికి వచ్చాయి. లవణాలున్న మామూలు నీళ్ళు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి చివరిది డిస్టిల్డ్ వాటర్‌తో. పాత తువ్వాలులో మూట కట్టి ఊపి, వైర్ జాలీ ట్రేల మీద ఒక్క వరుసగా పరిచి, దీనికే ఉంచుకున్న డ్రయ్యర్‌లో 70 డిగ్రీల దగ్గర పెట్టాను. వంట ఓవెన్ వాడకూడదు, సీసం కారణంగా. వేడి పెంచి తొందరగా కానివ్వకూడదు కూడా. 250 డిగ్రీలు దాటేకొద్దీ ఇత్తడి గట్టిదనం తగ్గుతూ పోతుంది. కేసు అడుగు గట్టిగా ఉంటేనే ఒత్తిడిని మోస్తుంది.

ఎండిందో లేదో కంటికి తెలియదు. ఒక ట్రేని తూచి రాసుకున్నాను, గంట తర్వాత మళ్ళీ తూచాను, నాలుగు గ్రాములు తగ్గింది. ఇంకో గంటకి ఒక గ్రాము. ఆ తర్వాత రెండుసార్లు ఒకే బరువు వచ్చింది. అప్పుడు తీశాను. 9 ఎం.ఎం.కి రెండు గంటలు చాలింది, .223కి నాలుగు పట్టింది.

ఇరవయ్యో రోజు

మాస్టారు వచ్చారు. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, పక్క నుంచి లైటు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.

మసి ఉన్నప్పుడు కనిపించనివన్నీ ఇప్పుడు కనిపిస్తున్నాయి. .308 కేసు ఒకటి తీశారు. అడుగుకి కొంచెం పైన చుట్టూ తళతళలాడే సన్న గీత, ఉంగరం తొడిగినట్టు. నేనైతే అది మెరుపే అనుకునేవాణ్ణి. కొన వంచిన సన్న తీగ ఇచ్చి లోపల గోడ మీద కింది నుంచి పైకి లాగమన్నారు. నున్నగా వస్తూ వస్తూ ఆ గీత ఉన్న చోట టక్కుమని పల్లంలో పడింది. లోపల గోడ సాగి సాగి పలచబడింది. ఇంకొక్కసారి పేలిస్తే అక్కడే తెగి, అడుగు వేరు, గొట్టం వేరు అయ్యేవి. మిగతా .308 కేసులు అన్నిటికీ ఆ తీగ పెట్టాను. ఇంకో తొమ్మిది దొరికాయి.

.223లో మెడ మీద నిలువు పగుళ్ళు 22. వెంట్రుకంత సన్నం, కొన్ని మూతి దాకా రాలేదు. మసితో ఉంటే ఒక్కటి కూడా కంటికి ఆనేది కాదు.

9 ఎం.ఎం. ఎనిమిది వేలు పైన ఉన్నాయి, ఒక్కొక్కటీ పక్క లైటులో తిప్పి చూస్తే ఎన్నాళ్ళకి అవుతుందోనని బెంగ పడ్డాను. ఆయన డబ్బాలోంచి పది కేసులు దోసిట్లోకి తీసుకుని చెవి దగ్గర మెల్లగా ఆడించారు. గలగలా చిన్న గంటల్లా మోగాయి. డబ్బాలో పోసి ఇంకో పది తీసుకున్నారు. మళ్ళీ అదే మోత. అలా ఎన్నిసార్లు చేశారో, ఒకసారి ఆగిపోయారు.

"విను."

నాకేం తేడా తెలియలేదు. దోసిట్లోంచి ఐదు తీసి కింద పెట్టి మిగతావి ఆడించారు. అప్పుడు తెలిసింది. గలగల మధ్యలో ఒక బొంగురు చప్పుడు, పగిలిన కుండ మీద కొట్టినట్టు. ఒక్కొక్కటీ పక్కకి తీస్తూ పోతే మూడోది తీయగానే మోత మళ్ళీ తేటపడింది. ఆ కేసుని లైటు కింద తిప్పాం. మూతి నుంచి నాలుగు మిల్లీమీటర్లు కిందికి సన్నని గీత, గోటికి కూడా అందనంత సన్నం.

మధ్యాహ్నం నుంచి ఆ పని నాకే వదిలేశారు. మొదటి గంటలో రెండుసార్లు దాటేశాను, ఆయన వెనక్కి పిలిచి చూపించారు. తర్వాత చెవి పట్టుకుంది. చీకటి పడేలోగా 17 పట్టాను. ఇంకా సగం డబ్బాలు ఉన్నాయి.

ఇరవై రెండో రోజు

9 ఎం.ఎం. ఏరడం పూర్తయింది. పగిలినవి మొత్తం 43. మాస్టారికి ఇచ్చినవి 8,460. ఇంకో 41 మూతి మడత సరిగ్గా పోలేదని పక్కన పెట్టాను, మళ్ళీ చెక్కి చూస్తాను. .223 కేసులను ఆయన ప్రెస్సులో నొక్కి మళ్ళీ అసలు సైజుకి తెచ్చాక నూనె వదిలించడానికి ఇంకోసారి పది నిమిషాలు సబ్బు నీళ్ళలో తిప్పాలి, అది వచ్చే నెల.

నల్ల నీళ్ళ పీపా నిండింది. మట్టి అడుగున పేరుకుంది, పైన నీళ్ళు కొంచెం నీలిపచ్చగా తేరుకున్నాయి. ఆ రంగు కరిగిన రాగిది. తేటగా కనిపిస్తోంది కదా అని మోరీలోనో చెట్లకో పోసేది కాదది. నిమ్మ ఉప్పు రాగితో పాటు సీసాన్ని కూడా నీళ్ళలో కరిగించి పట్టుకుంటుంది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వాళ్ళకి కబురు పెట్టాను. వాళ్ళు వచ్చేదాకా మూత బిగించి, పైన "సీసం ఉంది, తెరవొద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి, గది మూలన తాళం వేసి ఉంచాను.